పాత జర్మన్ కారుకు ముందు నంబరు, తర్వాతే పానా

పాతికేళ్ళు దాటిన జర్మన్ కారు మీ దగ్గర ఉందంటే ఈపాటికి రెండు రకాల సలహాలు వినే ఉంటారు. “పార్టులు దొరకవు, అమ్మేసి హాయిగా ఉండు” అనేది ఒకటి. “ఆ రోజుల్లో చేసిన ఇనుము అది, దానికేమీ కాదు” అనేది ఇంకొకటి. రెండూ సగం నిజాలే. ఆ కాలపు ఇంజిన్లు, గేరుబాక్సులు నిజంగానే గట్టివి. వేళకు ఆయిల్ మార్చి, వేడెక్కకుండా చూసుకుంటే లక్షల కిలోమీటర్లు అలవోకగా తిరుగుతాయి. చెడేదల్లా వాటి చుట్టూ ఉన్న రబ్బరు, ప్లాస్టిక్, వైర్ల మీది తొడుగు. వీటికి కిలోమీటర్లతో పెద్దగా పని లేదు, ఏళ్ళతోనే పని. షెడ్డులో కదలకుండా ఉన్న బండిలో కూడా రబ్బరు గట్టిపడుతుంది, ప్లాస్టిక్ పెళుసవుతుంది. కాబట్టి “చాలా తక్కువ తిరిగింది” అన్న మాట విని మురిసిపోకండి. ఏ పార్టు ఎప్పుడు మార్చారో చెప్పే బిల్లులుంటే, ఎక్కువ తిరిగిన బండే మేలు.

పార్టులు దొరకవన్న మాట సంగతి. అలా అనేవాళ్ళలో చాలామంది పార్టు పేరు చెప్పి అడుగుతారు, నంబరు చెప్పరు. మొత్తం పని అక్కడే మొదలవుతుంది.

మొదటి పని: నంబర్లన్నీ ఒకచోట రాసుకోండి

పానా పట్టుకునే ముందు ఒక నోటుబుక్కు తీసుకోండి. ఛాసిస్ నంబరు పూర్తిగా, 17 స్థానాలూ రాసుకోండి. మొదటి మూడూ తయారీదారుకు గుర్తు: డబ్ల్యూడీబీ అంటే మెర్సిడెస్, డబ్ల్యూబీఏ అంటే బీఎండబ్ల్యూ, డబ్ల్యూవీడబ్ల్యూ అంటే ఫోక్స్‌వ్యాగన్, డబ్ల్యూఏయూ అంటే ఆడి, డబ్ల్యూపీ0 అంటే పోర్షె. యూరప్ కోసం చేసిన పాత మెర్సిడెస్‌లో ఆ తర్వాతి ఆరు అంకెలు మోడల్‌ని నేరుగా చెప్పేస్తాయి. 124030 అని ఉంటే అది డబ్ల్యూ124 శ్రేణిలోని 300 ఈ. బీఎండబ్ల్యూ అయితే చివరి ఏడు స్థానాలు చాలు, పార్టుల కేటలాగులో బండి మొత్తం తెరుచుకుంటుంది. ఫోక్స్‌వ్యాగన్, ఆడిలలో స్పేర్ చక్రం గుంట దగ్గరో సర్వీసు పుస్తకంలోనో ఒక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద ఇంజిన్ కోడు, గేరుబాక్సు కోడు, రంగు కోడు, ఆ బండికి బిగించిన సామాను కోడులు వరుసగా ఉంటాయి. దాన్ని ఫొటో తీసి దాచుకోండి. ఆ కాగితం చిరిగిపోతే మళ్ళీ అతికించేవాళ్ళు ఉండరు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఒకే పేరు, ఒకే సంవత్సరం ఉన్న రెండు బండ్లలో పార్టులు వేరుగా ఉండొచ్చు. బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో ఈ46 అనే తరాన్నే చూడండి. ఆటోమేటిక్ గేరుబాక్సు కొన్నిటికి జెడ్‌ఎఫ్ కంపెనీది, కొన్నిటికి జనరల్ మోటార్స్‌ది. ఫిల్టరు వేరు, గాస్కెట్ వేరు, పోసే ఆయిల్ కూడా వేరు. ఆల్టర్నేటర్ కూడా అంతే, కొన్నిటికి బాష్, కొన్నిటికి వాలియో. “2001 మోడల్ 325కి ఇవ్వండి” అని అడిగితే దుకాణదారు తన దగ్గర ఉన్నదే ఇస్తాడు.

పార్టు నంబరుకు కూడా ఒక పద్ధతి ఉంది, కాస్త చదవడం నేర్చుకోండి. బీఎండబ్ల్యూ నంబరుకు 11 అంకెలు. మొదటి రెండూ అది ఏ భాగానిదో చెబుతాయి: 11 ఇంజిన్, 17 రేడియేటర్ వైపు, 31 ముందు ఇరుసు, 33 వెనక ఇరుసు, 34 బ్రేకులు, 51 బాడీకి బిగించే సామాను, 61 ఎలక్ట్రికల్. మెర్సిడెస్‌లో ‘ఎ’ అక్షరం తర్వాత వచ్చే మూడంకెలు ఆ పార్టు మొదట ఏ బండికో, ఏ ఇంజిన్‌కో చేసినదని చెబుతాయి. ఎ124 అంటే డబ్ల్యూ124 బండిది, ఎ104 అంటే ఎం104 ఇంజిన్‌ది. ఫోక్స్‌వ్యాగన్‌లో మొదటి మూడు మోడల్‌కు గుర్తు (1జే0 అంటే నాలుగో తరం గోల్ఫ్), నాలుగోది విభాగం. చివర ఏ, బీ, సీ అని అక్షరం ఉంటే ఆ పార్టును తర్వాత సవరించారని అర్థం. సాధారణంగా కొత్త అక్షరం పాతదాని స్థానంలో సరిపోతుంది, కానీ కేటలాగులో “దీని బదులు ఇది” అని రాసి ఉంటేనే నమ్మండి.

రెండో పని: జబ్బు తేలేదాకా పార్టు కొనకండి

స్కానర్ పెడితే కోడు వస్తుంది. ఆ కోడు చెప్పేది లక్షణమే, చెడిన పార్టు పేరు కాదు. ఇంజిన్‌కు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని కోడు వచ్చిందంటే చాలామంది ఆక్సిజన్ సెన్సార్ మార్చేస్తారు. ఈ వయసు బండ్లలో ఎక్కువసార్లు అసలు కారణం గాలి కొలిచే మీటరుకూ థ్రాటిల్‌కూ మధ్యనున్న రబ్బరు గొట్టం. మడతల లోపల సన్నగా చీలి ఉంటుంది. పైకి చూస్తే బాగానే కనిపిస్తుంది. విప్పి, చేత్తో వంచితే మడత నోరు తెరుస్తుంది. మెకానిక్ దగ్గర పొగ పెట్టి చూసే యంత్రం ఉంటే మొదట ఆ పరీక్షే చేయించండి. పొగ ఎక్కడ బయటికొస్తే లీకు అక్కడే.

స్కానర్ పెట్టడానికి సాకెట్ ఎక్కడుందో కూడా తెలియాలి. 1990ల బీఎండబ్ల్యూల్లో బానెట్ కింద 20 పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటుంది. అదే దశాబ్దపు చాలా మెర్సిడెస్‌లలో 38 పిన్నులది, అదీ బానెట్ కిందే. మామూలు 16 పిన్నుల స్కానర్ నేరుగా అతకదు, అడాప్టర్ కావాలి. యూరప్‌లో కొత్త పెట్రోలు కార్లన్నిటికీ 16 పిన్నుల పద్ధతి తప్పనిసరి అయింది 2001 నుంచే. 1990ల బండి చూసి “దీనికి స్కానింగ్ లేదు” అని ఎవరైనా అంటే వాళ్ళు సరైన సాకెట్ వెతకలేదని అర్థం.

ఎలక్ట్రికల్ సమస్య ఏదైనా సరే, బ్యాటరీ, ఎర్త్ వైర్లు ముందు చూడండి. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొన ఇంజిన్ బ్లాకు మీద పెట్టి, ఇంకొకరిని స్టార్టర్ కొట్టమనండి. 0.3 వోల్టులు దాటి చూపిస్తే ఎర్త్ పట్టీ తుప్పు పట్టినట్టు. విప్పి, రుద్ది, బిగిస్తే చాలాసార్లు “కంప్యూటర్ పోయింది” అనుకున్న జబ్బు పోతుంది. బ్యాటరీ తీసేముందు రేడియో కోడు మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి. ఆ రోజుల్లో కంపెనీ నుంచి వచ్చిన రేడియోలు చాలావరకు కరెంటు పోతే కోడు అడుగుతాయి.

మూడో పని: వేడి సంగతి మొదట తేల్చుకోండి

కొత్తగా కొన్న పాత జర్మన్ బండిలో డబ్బు మొదట ఎక్కడ పెట్టాలంటే, నా జవాబు ఎప్పుడూ కూలింగే. మిగతావి బండిని ఆపుతాయి, ఇది ఇంజిన్‌నే తినేస్తుంది. ముఖ్యంగా ఈ36, ఈ46, ఈ39 తరాల బీఎండబ్ల్యూల్లో రేడియేటర్ చివరలు, కూలెంట్ డబ్బా, థర్మోస్టాట్ పెట్టె అన్నీ ప్లాస్టికే. కొన్ని పాత వాటర్ పంపుల్లో లోపల తిరిగే రెక్క కూడా ప్లాస్టికే. సుమారు లక్ష కిలోమీటర్లకో పదేళ్ళకో ఇవి పెళుసెక్కుతాయి. ఈ46లో మీటరు ముల్లును నమ్ముకోవడం ప్రమాదం. వేడి కొంత పెరిగినా ముల్లు మధ్యలోనే నిలబడేట్టు దాన్ని చేశారు. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైంది. ఈ46లో వచ్చే ఆరు సిలిండర్ల ఎం54 ఇంజిన్‌లో హెడ్డే కాదు, బ్లాకు కూడా అల్యూమినియమే. బాగా వేడెక్కితే హెడ్ వంగడంతో ఆగదు, హెడ్ బోల్టుల మరలు బ్లాకులోంచి ఊడి వస్తాయి.

అందుకే ఒక్కో పార్టు పగిలినప్పుడల్లా మార్చే పద్ధతి మానుకోండి. వాటర్ పంపు, థర్మోస్టాట్, డబ్బా, మూత, పై కింది గొట్టాలు, బెల్టు, అవసరమైతే రేడియేటర్, అన్నీ ఒకేసారి తెప్పించి ఒకేసారి మార్చండి. ఈ ఆరు సిలిండర్ల బీఎండబ్ల్యూల్లో పని ఇలా సాగుతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ దించండి. ముందున్న ఫ్యాను ఇంజిన్ బెల్టుతో తిరిగే రకమైతే అది 32 ఎంఎం నట్టుతో పంపుకు బిగించి ఉంటుంది. ఆ నట్టుది ఎడమ మర. మామూలు నట్టు అనుకుని బలం పెడితే ఇంకా బిగుస్తుంది; గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితేనే వదులుతుంది. పుల్లీ తిరగకుండా పట్టుకునే పనిముట్టు ఉంటే నిమిషంలో వస్తుంది. ఫ్యాను, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు తీశాక బెల్టు, పుల్లీ వస్తాయి. పంపును పట్టుకున్న నాలుగు నట్లూ విప్పినా పంపు కదలదు. దాన్ని స్క్రూడ్రైవర్‌తో పీకకండి, మెత్తని అల్యూమినియం అంచు గీరుకుపోతుంది. పంపు అంచులో మర ఉన్న రెండు ఖాళీ రంధ్రాలు కనిపిస్తాయి. వాటిలో రెండు ఎం6 బోల్టులు ఎక్కించి, ఇటు సగం చుట్టు, అటు సగం చుట్టు తిప్పుతూ పోతే పంపు తనంతట తనే నిటారుగా బయటికొస్తుంది. కొత్తది పెట్టేముందు లోపలి అంచు గుడ్డతో తుడిచి, రబ్బరు రింగుకు కొంచెం కూలెంటే రాయండి.

కూలెంట్ నింపడం అసలు కిటుకు. గాలి లోపల చిక్కుకుంటే కొత్త పార్టులన్నీ ఉండి కూడా ఇంజిన్ వేడెక్కుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం రెండో స్థానానికి తిప్పండి. హీటర్‌ని పూర్తి వేడికి, బ్లోయర్‌ని అతి తక్కువకి పెట్టండి. గాలి వదిలే స్క్రూ తెరిచి డబ్బాలో మెల్లగా పోయండి. స్క్రూ దగ్గర మొదట బుడగలతో వస్తుంది, తర్వాత బుడగ లేకుండా సన్నటి ధారగా వస్తుంది. అప్పుడు మూయండి. ఆ స్క్రూ కూడా ప్లాస్టికే, వేళ్ళతో బిగించినట్టే బిగించాలి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్ళీ చూడండి. తగ్గే ఉంటుంది, కలపండి.

ఏ కూలెంట్? ఆ కాలపు మెర్సిడెస్, బీఎండబ్ల్యూలకు జీ48 రకం, నీలం రంగులో వస్తుంది. ఫోక్స్‌వ్యాగన్, ఆడిలకు పాతవాటిలో జీ11, తర్వాత ఎర్రటి జీ12. జీ11లో జీ12 కలిపితే గోధుమరంగు మడ్డి తయారై రేడియేటర్ మూసుకుపోతుంది. రంగు చూసి పోయకండి, డబ్బా మీద నంబరు చూసి పోయండి. నీళ్ళు మాత్రం డిస్టిల్డ్ వాటరే, సగానికి సగం.

నాలుగో పని: ద్రవాలు, బెల్టులు

ఇవి త్వరగా చెప్పుకోవచ్చు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్చండి. అదే చేత్తో బ్రేకు రబ్బరు గొట్టాల వయసు కూడా చూడండి. పాత గొట్టం లోపల ఉబ్బితే బ్రేకు పట్టుకుంటుంది కానీ వదలదు, తప్పేమో ప్యాడ్లను నొక్కే కాలిపర్ మీద పడుతుంది.

ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద చిక్కదనం ఒక్కటే చూస్తే చాలదు, కంపెనీ ఆమోదం నంబరు కూడా చూడాలి. మెర్సిడెస్‌కు 229 తో మొదలయ్యేవి, ఎం54 లాంటి బీఎండబ్ల్యూలకు ఎల్‌ఎల్-01, ఫోక్స్‌వ్యాగన్ పంప్‌డ్యూస్ రకం టీడీఐ డీజిళ్ళకు 505.01. ఈ చివరిది పట్టించుకోకపోతే క్యామ్‌షాఫ్ట్ అరిగిపోతుంది.

పవర్ స్టీరింగ్ డబ్బా మూత మీద ఏం రాసి ఉందో చదవండి. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్) అని ఉంటే ఎర్రటి ఏటీఎఫ్, సీహెచ్‌ఎఫ్ (హైడ్రాలిక్ ఆయిల్) అని ఉంటే ఆకుపచ్చది. ఒకదానిలో ఇంకొకటి పోస్తే సీళ్ళు పోతాయి. ఆటోమేటిక్ గేరుబాక్సులో “జీవితాంతం మార్చక్కర్లేదు” అని స్టిక్కర్ ఉన్నా నమ్మకండి. ఇలాంటి గేరుబాక్సులు చేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది.

టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే, బెల్టు చివరిసారి ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే, మార్చలేదనే అనుకోండి. బీఎండబ్ల్యూ ఈ30 తరంలోని ఎం20 ఇంజిన్, పోర్షె 944, టీడీఐలు, వీటిలో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులకు కొట్టుకుంటాయి. 944లో రెండు బెల్టులుంటాయి, రెండూ మార్చాలి. తక్కువ తిరిగినా నాలుగైదేళ్ళు గడిస్తే మార్చేయండి. బెల్టుతో పాటే టెన్షనర్, వాటర్ పంపు కూడా.

ఐదో పని: కింది రబ్బర్లు

స్టీరింగ్ వదులుగా, బండి అటూ ఇటూ తేలుతున్నట్టు ఉంటే షాక్ అబ్సార్బర్ల కంటే ముందు బుష్‌లు (సస్పెన్షన్ ఆర్మ్‌ల కీళ్ళలోని రబ్బర్లు) చూడండి. ఈ46లో ముందు కంట్రోల్ ఆర్మ్ బుష్, డబ్ల్యూ124లో ముందు కింది ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, వెనక ఒక్కో చక్రాన్ని పట్టుకున్న ఐదు ఆర్మ్‌లు. 1982లో మెర్సిడెస్ 190 మోడల్‌తో వచ్చిన ఈ ఐదు ఆర్మ్‌ల వెనక సస్పెన్షన్ అద్భుతమైన పనితనం, అయితే ఐదింటిలో ఒక్క బుష్ పోయినా వెనక చక్రం దారి తప్పుతుంది. గేరుబాక్సుకూ షాఫ్ట్‌కూ మధ్యనున్న రబ్బరు బిళ్ళ కూడా చూడండి. బోల్టు రంధ్రాల మధ్య పగుళ్ళుంటే అది ఎక్కువ రోజులు ఆగదు.

కొత్త బుష్‌లు ఆరు నెలల్లోనే చిరిగిపోయాయని చాలామంది పార్టును తిడతారు. ఎక్కువసార్లు తప్పు బిగించిన తీరులో ఉంటుంది. బండి జాక్ మీద ఉన్నప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది. ఆ స్థితిలో బోల్టు గట్టిగా బిగిస్తే రబ్బరు ఆ కోణంలోనే అతుక్కుపోతుంది. బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడుతుంది, ఇక నడిచినంతసేపూ మెలిపడే ఉంటుంది. సరైన పద్ధతి ఇది: జాక్ ఎత్తకముందే, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. కొత్త ఆర్మ్ పెట్టి బోల్టులు చేత్తో మాత్రమే ఎక్కించండి. ఆ తర్వాత చక్రం వైపు భాగాన్ని ఇంకో జాక్‌తో రాసుకున్న కొలత వచ్చేదాకా ఎత్తి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించండి. బండి కింద దూరేటప్పుడు దాని బరువు గట్టి స్టాండ్ల మీదే ఉండాలి, జాక్ మీద కాదు.

పనిముట్ల మాట కూడా ఇక్కడే చెప్పాలి. జర్మన్ బండ్లలో మామూలు షట్కోణం బోల్టులతో పాటు ఆరు మొనల నక్షత్రం ఆకారపు టార్క్స్, పైకి పొడుచుకొచ్చిన ఈ-టార్క్స్, పన్నెండు కోణాల ఎక్స్‌జెడ్‌ఎన్ తలలు ఉంటాయి. ఎక్స్‌జెడ్‌ఎన్ చూడటానికి టార్క్స్‌లాగే ఉంటుంది, టార్క్స్ బిట్ దూరుతుంది కూడా. బలం పెట్టగానే తల లోపల గుండ్రమైపోతుంది, ఆపైన డ్రిల్లే దిక్కు. బిట్ పెట్టే ముందు ఆ గుంతలోని మట్టిని సూదితో పూర్తిగా తీసి, సుత్తితో ఒక్క దెబ్బ వేసి కూర్చోబెట్టండి. ఫలానా న్యూటన్ మీటర్లు బిగించి ఆపైన 90 డిగ్రీలు తిప్పమని మాన్యువల్‌లో ఉంటే ఆ బోల్టు సాగే రకం, చాలావరకు ఒక్కసారికే పనికొస్తుంది. పార్టుతో పాటే కొత్త బోల్టులు కూడా తెప్పించుకోండి. చక్రాల బోల్టుల్లోనూ తేడా ఉంది. బీఎండబ్ల్యూది శంఖువు ఆకారపు కూర్చునే చోటు, మెర్సిడెస్, ఫోక్స్‌వ్యాగన్, ఆడిలది గుండ్రటిది. కొన్నిసార్లు ఒకదాని బోల్టు ఇంకోదానికి ఎక్కుతుంది కానీ పట్టు ఉండదు. చక్రం ఊడిపోయే వ్యవహారం ఇది.

ఆరో పని: ఆ మోడల్‌కే ఉండే జబ్బులు

ప్రతి మోడల్‌కూ పుట్టుకతో వచ్చిన బలహీనతలు కొన్ని ఉంటాయి. మీ బండివి తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. 1990ల మొదటి సగంలోని మెర్సిడెస్‌లలో, ముఖ్యంగా 1992–1995 మధ్యవాటిలో, ఇంజిన్ వైర్ల తొడుగు వేడికి అప్పడంలా పొడిపొడిగా రాలిపోతుంది. ఇంజెక్టర్ల దగ్గర వైరు కట్టను కొంచెం తెరిచి ఒక్క వైరును మెల్లగా వంచి చూడండి. తొడుగు చిట్లితే టేపు చుట్టి సర్దుకోవద్దు, కట్ట మొత్తం మార్చాలి. లోపల ఒకదానికొకటి తగిలితే ఖరీదైన కంప్యూటర్లు కాలిపోతాయి. అంతకుముందు డబ్ల్యూ124ల్లో ఏబీఎస్ దీపం వెలుగుతూ ఇంజిన్ ఐడిలింగ్ సరిగ్గా లేకపోతే ముందు బ్యాటరీ వెనకనున్న, నెత్తిన ఫ్యూజు ఉన్న వెండిరంగు రిలే చూడండి. ఎక్కువ వోల్టేజీ నుంచి కాపాడే రిలే అది, లోపల టంకం పగులుతుంది. డబ్ల్యూ123 డీజిల్‌లో తాళం తీసినా ఇంజిన్ ఆగకపోతే డీజిల్ పంపు విప్పకండి. ఇంజిన్ ఆపేదీ, తలుపులకు తాళం వేసేదీ ఒకే వాక్యూమ్. తలుపులో చిన్న గొట్టం ఊడినా ఇంజిన్ ఆగదు.

ఈ46 కొనేముందు వెనక ఇరుసు బాడీకి బిగిసే చోట నేల రేకు పగిలిందేమో కింద దూరి చూడాల్సిందే. ఆరు సిలిండర్ల బీఎండబ్ల్యూల్లో ఆయిల్ కారుతుంటే వాల్వ్ కవర్ గాస్కెట్, ఆయిల్ ఫిల్టర్ పెట్టె గాస్కెట్ ముందు చూడండి. కారడం ఎప్పుడూ పై నుంచి కిందికే, కాబట్టి ఇంజిన్ కడిగి, నాలుగు రోజులు నడిపి, అతి పైన తడిసిన చోటు పట్టుకోండి.

తుప్పు విషయంలో ఒక్క మాట. మెర్సిడెస్ జాక్ పెట్టే చోట్ల ప్లాస్టిక్ మూతలు తీసి లోపల చూడండి. సన్‌రూఫ్ నీళ్ళు పోయే సన్న గొట్టాలు మూసుకుపోతే తుప్పు కంటికి కనబడని చోట మొదలవుతుంది. ఇంజిన్ ఎంత పోయినా దొరుకుతుంది. బాడీ పోతే బండి పోయినట్టే, కొనేటప్పుడు ఈ వరుస మరవొద్దు.

ఏడో పని: పార్టు ఎక్కడ, ఏ పేరుతో వెతకాలి

బీఎండబ్ల్యూ తన కంట్రోల్ ఆర్మ్ తనే చేయదు, మెర్సిడెస్ తన రేడియేటర్ తనే చేయదు. సస్పెన్షన్‌లో లెంఫోర్డర్, క్లచ్‌లో సాక్స్, లూక్, రేడియేటర్లలో బేర్, బేరింగుల్లో ఐఎన్ఏ, ఎఫ్ఏజీ, గాస్కెట్లలో ఎల్‌రింగ్, విక్టర్ రైంజ్, ఫిల్టర్లలో మాన్, మాలే, హెంగ్‌స్ట్, బ్రేకుల్లో ఏటీఈ, లైట్లలో హెల్లా, ఇంజెక్షన్, సెన్సార్లలో బాష్. కార్ల కంపెనీలకు సరఫరా చేసింది ఎక్కువగా వీళ్ళే. అదే పార్టు కారు కంపెనీ డబ్బాలో ఒక ధరకు, సరఫరాదారు డబ్బాలో చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. కొన్నిసార్లు లెంఫోర్డర్ డబ్బాలోని ఆర్మ్ మీద బీఎండబ్ల్యూ గుర్తు ఉండాల్సిన చోట గ్రైండర్‌తో అరగదీసిన మచ్చ కనిపిస్తుంది. అది చూసి కంగారు పడకండి. ఒకే అచ్చులోంచి వచ్చిన పార్టే, గుర్తు మాత్రం చెరిపేశారు. పేర్ల విషయంలో ఒక జాగ్రత్త: షాక్ అబ్సార్బర్ల బిల్‌స్టైన్, రకరకాల విడిపార్టులు అమ్మే ఫెబి బిల్‌స్టైన్ వేరువేరు కంపెనీలు. ఒకదాని మీది నమ్మకంతో ఇంకోటి కొనొద్దు.

అన్నిటికీ కారు కంపెనీ డబ్బానే కావాలనడం నేను ఒప్పుకోను, చవకది చాలనడం అంతకన్నా ఒప్పుకోను. క్రాంక్, క్యామ్, గాలి మీటరు, ఆక్సిజన్ సెన్సార్లు మొదట చేసిన కంపెనీవే కొనండి. పేరు తెలియని సెన్సార్ పెడితే జబ్బు పోకపోగా కొత్త జబ్బు వచ్చి చేరుతుంది. కూలింగ్ పార్టులు, బుష్‌లు కూడా అంతే. ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు, డిస్కుల్లో మంచి పేరున్న ఏ సరఫరాదారైనా పరవాలేదు. ఫెండర్, బానెట్ లాంటి రేకులు మాత్రం బయటివి సరిగ్గా అతకవు. బాగున్న పాతది దొరికితే కొత్త నకలు కంటే అదే మేలు.

కేటలాగులో “ఇక తయారు కాదు” అని వస్తే ఆశ వదలొద్దు. మొదట చూడాల్సింది కంపెనీల పాత బండ్ల విభాగాలు. మెర్సిడెస్ 1993లో ఫెల్‌బాఖ్‌లో క్లాసిక్ సెంటర్ పెట్టింది. బీఎండబ్ల్యూ గ్రూప్ క్లాసిక్, పోర్షె క్లాసిక్, ఫోక్స్‌వ్యాగన్ క్లాసిక్ పార్ట్స్, ఆడి ట్రెడిషన్ ఉన్నాయి. ఆగిపోయిన పార్టులను వీళ్ళు మళ్ళీ చేయిస్తుంటారు. పోర్షె 2018లో 959 మోడల్ క్లచ్ రిలీజ్ లీవర్ లాంటి అరుదైనవాటిని త్రీడీ ప్రింటింగ్‌తోనే చేస్తున్నట్టు ప్రకటించింది. జర్మనీలో వెటరామా లాంటి పాత బండ్ల సంతల్లో డబ్బా విప్పని పాత స్టాకు బయటికొస్తుంది.

రెండో దారి, పార్టు మీద ఉన్న సరఫరాదారు నంబరు. బాష్ నంబరు 10 అంకెలు. 0 280 తో మొదలైతే పెట్రోలు ఇంజెక్షన్ సామాను, 0 580 అయితే పెట్రోలు పంపు. బీఎండబ్ల్యూ నంబరుతో దొరకని సెన్సార్, అదే బాష్ నంబరుతో ఇంకో కంపెనీ బండి పేరు మీద దొరకొచ్చు. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు నంబరును ఖాళీలతో ఒకసారి, ఖాళీలు లేకుండా ఒకసారి కొట్టండి. నంబరుకు భాష అడ్డు లేదు, జర్మన్ రాకపోయినా జర్మనీలో అమ్మేవాడి పార్టు మీకు కనిపిస్తుంది. డబ్బు కట్టేముందు ఛాసిస్ నంబరు పంపి, సరిపోతుందని రాతలో చెప్పించుకోండి.

మూడో దారి బాగుచేయించడం. స్టార్టర్, ఆల్టర్నేటర్, ఏబీఎస్ పెట్టె, మీటరు బోర్డు, కేఈ-జెట్రోనిక్ అనే పాత పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతిలో పెట్రోలు పంచే భాగం, ఇవి చెడితే చాలావరకు లోపల సీలో, టంకమో పోయిందంతే. బీఎండబ్ల్యూ వానోస్‌లో (వాల్వులు తెరుచుకునే వేళను సర్దే యూనిట్) రబ్బరు రింగులు గట్టిపడితే ఆ రింగులే విడిగా దొరుకుతాయి, యూనిట్ మొత్తం మార్చక్కర్లేదు.

పాత పార్టు కొనేటప్పుడు

అమ్మేవాళ్ళను పార్టు ఫొటో కాదు, దాని మీది నంబరు ఫొటో అడగండి. చాలా ప్లాస్టిక్ పార్టుల లోపలి వైపు చిన్న గడియారం లాంటి అచ్చు ఉంటుంది. మధ్యలోని అంకె సంవత్సరం, బాణం చూపేది నెల. మీ బండి కంటే పదేళ్ళు కొత్త పార్టు దొరికితే వదలొద్దు. తలుపులు, అద్దాలు, లైట్లు, స్విచ్చులు, సీట్లు పాతవి నిశ్చింతగా కొనొచ్చు. ఎయిర్‌బ్యాగులు, బ్రేకు గొట్టాలు, టైమింగ్ సామాను, రబ్బరు ఏదైనా సరే పాతవి ముట్టుకోవద్దు.

1990ల మధ్య నుంచి వచ్చిన బండ్లలో ఇంజిన్ కంప్యూటర్ తాళంచెవికి జత కట్టి ఉంటుంది. పాత కంప్యూటర్ విడిగా కొంటే బండి స్టార్ట్ కాదు. ఇమ్మొబిలైజర్ పెట్టె, తాళంచెవి కూడా అదే బండివి కలిపి తీసుకోవాలి, లేదా జత కట్టగల మెకానిక్‌ను ముందే చూసుకోవాలి.

మీ మోడల్‌కు అరుదుగా దొరికేవి తగిలినప్పుడు ఒకటి అదనంగా కొని పెట్టుకోండి. రబ్బరు సామానును ఎండ తగలని చోట, కవరులోనే, వంచకుండా ఉంచండి. కవరు మీద నంబరు, కొన్న తేదీ రాయండి. ఎప్పుడో బిగించే నాటికి అది ఎన్నేళ్ళ రబ్బరో మీకు తెలియాలి. ఇక విప్పిన పాత పార్టును వెంటనే పారేయకండి. కొత్తది నెల రోజులు సరిగ్గా నడిచేదాకా ఉంచండి. దాని మీది నంబరుతో మళ్ళీ పని పడొచ్చు, బాగుచేసిన యూనిట్ తీసుకుంటే మార్పిడికి పాతది అడగొచ్చు.